మోటారు సైకిలు : నిత్యసమస్యల చరిత్ర

పురాణములలోని వాహనములకు మరమ్మతు అను మాట లేదు. గరుత్మంతునికి గాలి కొట్టవలసిన పని రాలేదు. వినాయకుని మూషికమునకు నూనె మార్చిన వారు లేరు. మానవుడు తన చేతులతో చేసికొన్న వాహనములకు మాత్రము ఆ భాగ్యము కలుగలేదు. అవి ఎక్కించుకొన్నంత సేపు ఎక్కించుకొని, ఒకనాడు నడిదారిలో దింపివేయును. అప్పుడు మనుష్యుడు చొక్కా చేతులు పైకి మడచి, వంగి, తప్పు ఎచ్చట ఉన్నదో వెదకవలసివచ్చెను. ఆ వెదకులాట నుండియే యంత్రము క్రమముగా బాగుపడినది. నేటి సామాన్యమైన మోటారు సైకిలును ఎదుట నిలుపుకొని చూచినచో, అందలి ప్రతి చిన్న పరికరమును ఒకానొకప్పటి కష్టమునకు చెప్పిన సమాధానమే అని తెలియును. ఆ కష్టములలో యంత్రము తనపై వేసికొన్నవి ఏవి, మనుష్యునికే మిగిలిపోయినవి ఏవి అను ప్రశ్న వినోదమునకు మాత్రమే చాలినది కాదు, ప్రాణములతో ముడిపడినది.

1885వ సంవత్సరమున జర్మనీ దేశములోని కాన్‌స్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అను ఇరువురు చేసిన బండిని ఈ వంశమునకు మూలపురుషునిగా ఎంచుదురు. దాని చట్రము కర్ర, చక్రములు కర్ర, ఇంజను బలము సుమారు అర్ధ అశ్వశక్తి. విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టించు ఏర్పాటు అందు లేదు. మంటతో ఎఱ్ఱగా కాలిన ఒక గొట్టము ఇంజనులోని ఆవిరిని అంటించుచుండెను. ఆ వేడికి తొలి ప్రయాణములలోనే ఆసనము అంటుకొన్నదని చెప్పుదురు. మోటారు సైకిలు చరిత్రలో మొదటి మరమ్మతు నిప్పు ఆర్పుటయే అయి ఉండవచ్చును.

1894లో మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ అను వారి పేర మరియొక బండి వెలువడెను. అమ్మకము కొరకు వరుసగా తయారైన వానిలో ఇది మొదటిది. దీనికి క్లచ్చి లేదు, గేర్లు లేవు. రైలు ఇంజనులో వలె ఇనుప కడ్డీలు వెనుక చక్రమును తిన్నగా త్రిప్పుచుండెను. బండి ఆగిన ఇంజను ఆగును. ఇంజను నడవవలెనన్న బండి నడవవలెను. కావున ఆసామి దానిని పట్టుకొని పరుగెత్తి, అది ప్రాణము పోసికొనగానే ఎగిరి కూర్చుండవలసి ఉండెను. జనసమ్మర్దముగల వీథిలో ఇది ఎంత సుఖమో ఊహింపవచ్చును.

గేరు అవసరము అప్పటినుండియే తెలియవచ్చెను. పెట్రోలు ఇంజను తగినంత వేగముగా తిరుగుచున్నప్పుడు మాత్రమే బలము చూపగలదు. ఎత్తు ఎక్కునపుడు చక్రము నెమ్మదింపగా, దానితో కట్టువడిన ఇంజను కూడ నెమ్మదించి, బలము కావలసిన సమయముననే బలహీనమగును. ఎద్దులబండి తోలువాడు మిట్ట రాగానే దిగి చక్రమునకు చేయి వేసినట్లు, తొలినాటి ఆసాములు మిట్టవద్ద పెడళ్ళు త్రొక్కుచు, అవియును చాలనపుడు దిగి ప్రక్కన పరుగెత్తుచు బండిని ఎక్కించుచుండిరి. పైగా చాల బండ్లలో ఇంజను బలము తోలుపట్టా ద్వారా చక్రమునకు చేరుచుండెను. వాన తగిలిన పట్టా జారును, ఎండ తగిలిన సాగును, ఒక్కొక్కమారు తెగును. ఆసామి జేబులో పట్టా ముక్కలు, వానిని అతుకు కొక్కెములు ఉండవలసినదే.

ఈ వాదమునకు తీర్పు ఇంగ్లండు, ఐర్లండుల నడుమనున్న మాన్ ద్వీపములో దొరకెను. అచ్చట 1907 నుండి ఏటేట జరుగుచున్న పందెమును 1911లో కొండదారికి మార్చిరి. ఆ సంవత్సరము పెద్ద బండ్ల పందెములో అమెరికాలో తయారైన ‘ఇండియన్’ అను బండ్లు మొదటి మూడు స్థానములను గెలుచుకొనెను. వానికి గొలుసు కలదు. రెండు గేర్లు కలవు. తరువాతి రెండు సంవత్సరములును గెలిచినది స్కాట్ బండి. దానికిని గొలుసులు, రెండు గేర్లు ఉండెను. దానిని నిర్మించిన ఆల్ఫ్రెడ్ స్కాటే బండిని నిలుచున్న చోటనే కాలితో తన్ని లేపు కిక్కు పద్ధతిని వాడుకలోనికి తెచ్చినవాడు. బండితో పరుగెత్తు బాధ అట్లు తీరినది.

ఇతర బాధలు ఒక్కొక్కటిగా తీరవలసి ఉండెను. ఆనాటి ఇంజనునకు నూనె తనంతట తాను చేరెడిది కాదు. కొన్ని మైళ్ళకు ఒకమారు ఆసామి చేతిపంపును నొక్కవలెను. మరచినచో పిస్టను పట్టివేయును. ఎక్కువ నొక్కినచో వెనుక పొగమబ్బు లేచును. గేరు మార్చుటకు పెట్రోలు టాంకు ప్రక్కన ఒక కఱ్ఱ ఉండెడిది. మలుపులో, గుంతలో, ఎదురుగా బండి వచ్చుచున్నప్పుడు ఒక చేతిని హ్యాండిలునుండి తీసి దానిని కదలింపవలసివచ్చెను. గేరును కాలికి అప్పగింపవలెనను యత్నములు పూర్వమే ఉన్నను, ఒక త్రొక్కుడునకు ఒకే గేరు పడి, మీట మరల తన చోటికి వచ్చునట్లు 1920ల చివర ఇంగ్లండులోని వెలోసెట్ కర్మాగారములో హరాల్డ్ విల్లిస్ సాధించెను. నేడు కోట్లాది పాదములు ఆలోచన లేకుండ చేయు పని అది. దానివలన రెండు చేతులును హ్యాండిలుమీద నిలిచినవి.

భారతదేశమున ఈ కథ స్వాతంత్ర్యానంతరము వేగమందుకొనెను. సైన్యము కొరకు కొనబడిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టును 1950ల నడిమి కాలమునుండి మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో కూర్చనారంభించిరి. 1961లో మైసూరునుండి జావా, 1962లో ఎస్కార్ట్సువారి రాజ్‌దూత్ వచ్చెను. ఎదురుచూచి కొనవలసిన ఆ కాలములో మోటారు సైకిలు ఇంటిలో ఒక మనిషివంటిది. దాని దగ్గు, దాని జ్వరము, దాని అలుక ఇంటిల్లిపాదికి తెలిసియుండెడివి.

బుల్లెట్టును లేపుట ఒక అనుష్ఠానము. కిక్కును మెల్లగా నొక్కుచు, అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చువరకు చూడవలెను. అప్పుడు ఎడమచేతి క్రిందనున్న చిన్న మీటను నొక్కి, సిలిండరులోని ఒత్తిడిని విడిచి, పిస్టనును కొంచెము దాటించి, మీటను వదలి, అటుపైన పూర్తి బలముతో తన్నవలెను. క్రమము తప్పినచో కిక్కు ఎదురుతన్ని పిక్కను గాయపరచును. ఎఱ్ఱదీపమువద్ద న్యూట్రలు దొరకకపోవుట నేటికిని అందరెరిగిన బాధ. బుల్లెట్టు దానికి ప్రత్యేకముగా ఒక చిన్న మీటను పెట్టుకొనెను. మొదటి గేరు తప్ప మరి ఏ గేరులోనున్నను మడమతో దానిని ఒక్కమారు నొక్కిన చాలును, న్యూట్రలు పడును. జావాలో గేరు మీటయే పైకి త్రిప్పిన కిక్కు అగును; పైగా గేరు మార్చునపుడు క్లచ్చి తనంతట తానే విడివడును. ఒక్కొక్క కర్మాగారము ఒకే కష్టమునకు ఒక్కొక్క విధమైన మందు కనిపెట్టినది.

ఈ వైవిధ్యములోనే ఒక అపాయమును దాగియుండెను. బుల్లెట్టునకు కుడికాలి క్రింద గేరు, ఎడమకాలి క్రింద బ్రేకు. జావాకు గేరు ఎడమవైపున, బ్రేకు కుడివైపున. ఒక బండికి అలవడినవాడు ఇంకొక బండి ఎక్కి, అడ్డము వచ్చిన బాలుని చూచి బ్రేకనుకొని గేరును త్రొక్కినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అమెరికా ప్రభుత్వము 1974 సెప్టెంబరు నుండి గేరు ఎడమకును బ్రేకు కుడికిని ఉండవలెనని నిబంధన చేసెను. ప్రపంచములోని కర్మాగారములు క్రమముగా ఆ దారికి వచ్చెను. మన బుల్లెట్టు మాత్రము తన కుడికాలి సంప్రదాయమును 21వ శతాబ్దము తొలి సంవత్సరములవరకు కాపాడుకొనుచు వచ్చినది. ఒక చిన్న మీట ఏ ప్రక్కన ఉండవలెనను విషయమునందు ప్రభుత్వములు జోక్యము చేసికొనవలసినంతటి గాంభీర్యము కలదని ఇందువలన తెలియుచున్నది.

జావా, రాజ్‌దూత్‌లు రెండు స్ట్రోకుల ఇంజను గలవి. అట్టి ఇంజనునకు వేరుగా నూనె తొట్టి లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. సుమారు 20 నుండి 30 పాళ్ళ పెట్రోలునకు ఒక పాలు నూనె. తక్కువైన ఇంజను పట్టివేయును. ఎక్కువైన ప్లగ్గుకు మసి పట్టును. ప్లగ్గు విప్పు సాధనము, ఒక గరుకు కాగితము లేకుండ ఆనాడు ఎవరును దూరప్రయాణము చేయలేదు. సైలెన్సరులో పేరుకొన్న మసిని కాల్చియో గీకియో వదలించుట నెలల పంచాంగములో ఒక తిథి. నూనెను తగిన పాళ్ళలో తానే అందించు పంపును జపానులోని యమహావారు 1964లో ప్రవేశపెట్టిరి. ఢిల్లీలో ఈ సమస్య ఇంటి సమస్యగా నిలువక ఊరి సమస్యగా పరిణమించెను. పొగ మితిమీరగా, సుప్రీంకోర్టు ఆజ్ఞననుసరించి 1998లో పెట్రోలు బంకులలో విడి నూనె పోయుట నిషేధింపబడినది. డబ్బాతో కొలత తప్పి పోసిన నూనె ఎవరి ఊపిరిలోనికి పోవుచున్నదో అప్పటికి గాని లోకమునకు పట్టలేదు.

అదే సంవత్సరమున ఢిల్లీ వీథులనుండి మరియొక దృశ్యము అంతరించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యము వదలుకొనిన హార్లీ డేవిడ్సన్ మోటారు సైకిళ్ళకు వెనుక పెట్టె కట్టి, ప్రయాణికుల బండ్లుగా మార్చి, కన్నాట్ ప్లేసుకును చాందినీ చౌకుకును నడుమ త్రిప్పుచుండిరి. వానినే జనులు ఫట్‌ఫటీలనిరి. యుద్ధములో కొంతకాలము నిలిచిన చాలునని చేసిన ఆ యంత్రములు సుమారు అర్ధశతాబ్దము నడచెను. మరమ్మతు విద్య ఎంత దూరము పోగలదో చూపుటకు ఇంతకుమించిన నిదర్శనము అరుదు. ఆయుర్దాయము తీరిన యంత్రము వదలు పొగకు ఆ విద్యయందు మందు లేదనుటకును అదియే నిదర్శనము. రెండును సత్యములే.

కష్టములను ఆసామి చేతినుండి కర్మాగారమునకు మార్చవలెనను సంకల్పము పరిపూర్ణముగా కనిపించినది జపానులో. 1958లో సోయిచిరో హోండా తెచ్చిన సూపర్ కబ్ అను బండికి క్లచ్చి మీటయే లేదు. ఒక చేత ఆహారపు తట్టలు మోయుచున్న కుఱ్ఱవాడు రెండవ చేతితో నడుపగలుగవలెనని ఆయన ఉద్దేశము. గొలుసునకు పూర్తి కవచము వేసిరి. 2017 నాటికి అట్టి బండ్లు 10 కోట్లు తయారైనవి. మన దేశమున 1985లో హీరో హోండావారి నాలుగు స్ట్రోకుల 100 సి.సి. బండి వచ్చుటతో ఆ గాలి ఇచ్చటను వీచెను. నూనె కలుపు పని పోయినది; తరువాతి బండ్లలో పాయింట్లు సరిచేయు పని పోయినది; మీట నొక్కిన లేచు బండ్లు రాగా కిక్కు అవసరము సన్నగిల్లినది. 2020 ఏప్రిలు 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 నిబంధనలతో కొత్త బండ్లలో కార్బురేటరు కూడ దాదాపు నిష్క్రమించినది. వేలితో స్క్రూ త్రిప్పి, చెవితో ఇంజను పాట సరిచేసిన మేస్త్రీ స్థానమున నేడు తీగ తగిలించి తప్పు చదువు యంత్రము నిలిచినది. కరోల్‌బాగ్ సందులలోను, విజయవాడ ఆటోనగరులోను ఆ పాత చెవిగల మేస్త్రీలకు ఇప్పటికిని గౌరవము కలదు.

ఇంత జరిగిన తరువాత మనుష్యునికి మిగిలినది ఏమి? మిగిలినది కొంచెమే, కాని ప్రాణమునకు దగ్గరగా ఉన్నది అదే. గొలుసు ఎక్కువ వ్రేలాడిన పళ్ళు దాటి జారి, చక్రమును పట్టివేయవచ్చును. మిక్కిలి బిగిసిన బేరింగులు అరుగును. క్లచ్చి తీగ వదులైన, మీట పూర్తిగా లాగినను క్లచ్చి విడివడదు. గేరు కటకటమని పడును, న్యూట్రలు దొరకదు. చాలమంది గేరుపెట్టె చెడినదని భయపడుదురు. తీగను సరిచేసిన చాలును. అదే తీగ అతిగా బిగిసిన క్లచ్చి జారి, ఇంజను అరచుచున్నను బండి ముందుకు సాగదు. టైరులో గాలి తగ్గిన మలుపున బండి తూలును. ఇవి వారమునకు ఐదు నిమిషముల పనులు. ఏ కర్మాగారమును వీనిని ఆసామి చేతినుండి పూర్తిగా తీసికొనలేకపోయినది.

ధరించు వస్తువుల కథయు అట్టిదే. మన దేశములో వెనుక కూర్చుండు స్త్రీ పమిట చక్రములో చిక్కుకొని జరిగిన ప్రమాదములు అనేకములు. దానికి సమాధానముగా వెలసినది వెనుక చక్రము ప్రక్కన బిగించు చీరకాపు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి వెనుక చక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ, పట్టుకొనుటకు పిడి, పాదములు మోపుటకు ఆధారము ఉండితీరవలెనని శాసించినది. విదేశములలో పుట్టిన యంత్రమునకు మన ఇల్లాలి చీరకొంగు నేర్పిన పాఠమది. కొందరు యువకులు అందము చెడునని నేడు దానిని విప్పివేయుదురు. శిరస్త్రాణము 1988 నాటి చట్టముచే విధింపబడినది. దానిని తెచ్చి హ్యాండిలునకు తగిలించువారును, తలపై పెట్టియు పట్టీ బిగింపనివారును కలరు. పట్టీ బిగింపని శిరస్త్రాణము పడినపుడు తలకంటె ముందుగా తానే నేల చేరును.

విజయదశమినాడు తెలుగు ఇండ్లలో బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి నడుపుట ఆచారము. ఆయుధములను తీసి తుడిచి, పదును చూచి, మరల దాచుకొను దినముగా ఆ పండుగకు మరియొక ప్రయోజనము కూడ కలదు. ఆనాడు కొబ్బరికాయ కొట్టుటకు ముందు గొలుసు బిగువును, టైరు గాలిని, బ్రేకు పట్టును, చీరకాపు మేకును ఒకమారు పరీక్షించినచో పూజ సాంగమగును. డైమ్లరు నాటినుండి ఎందరో తమ చేతులు కాల్చుకొని, పిక్కలు పగులగొట్టుకొని బండిని ఇంత సుఖమైనదిగా చేసి అప్పగించిరి. ఇంటినుండి బయలుదేరినవాడు సాయంకాలము ఇంటికి చేరవలెనన్న, వారు మనకు వదలిన ఆ ఐదు నిమిషముల పనిని మనమే చేసికొనవలెను.