మధుమేహియు, వెన్ను శస్త్రచికిత్సయు



నడుమున బుట్టి, తొడ వెంట దిగి, పిక్కను బట్టి లాగు నొప్పి నెరుగని పల్లె లేదు. మన పూర్వవైద్యులు దీనిని గృధ్రసి యనిరి. మధుమేహమును వారెరిగినదే. ఈ రెండును ఒక్క శరీరమున గూడినపుడు శస్త్రము పట్టవచ్చునా, పట్టినచో నే పద్ధతి మేలు? ఈ ప్రశ్న నాకు పుస్తకమున దొరకలేదు. మధుమేహియైన మా యన్నగారు మంచము పట్టినపుడు మా యింటనే పుట్టినది.

1764లో నేపిల్సు వైద్యుడు కొటూన్యో, ఈ బాధలో నరమునకు సంబంధించినది వేరుగా గలదని గ్రంథము వ్రాసెను. ఆ నరమును నొక్కునదేదో స్పష్టముగా తేలుటకు నూటడెబ్బదియేండ్లు పట్టెను. 1934లో బోస్టను వైద్యులు మిక్స్టరు, బార్ అనువారు, వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్ల, అనగా డిస్కు, చిట్లి వెలికివచ్చి నరమును నొక్కుచున్నదనియు, దానిని తీసివేసిన నొప్పి తగ్గుననియు ప్రకటించిరి.

అంతకు పండ్రెండేండ్లు ముందు, 1922లో, టొరాంటోలో ఇన్సులిను మొదటిసారి యొక బాలునకు ఈయబడెను. దానికి పూర్వము మధుమేహిపై కత్తి పెట్టుటకు వైద్యులు జంకెడివారు. గాయము మానదు, చీము పట్టును. ఇన్సులిను రానిచో, వెన్ను శస్త్రచికిత్స మధుమేహులకు అందని ఫలమే యయ్యెడిది.

తరువాతి చరిత్ర యంతయు గాయమును చిన్నది చేయు ప్రయత్నమే. 1964లో అమెరికా వైద్యుడు లైమన్ స్మిత్, బొప్పాయి పాలనుండి తీసిన మందును సూదితో డిస్కులోనికి ఎక్కించి కరగించు పద్ధతిని ప్రకటించెను. కోతయే లేదు! 1982లో అచటి ప్రభుత్వ మనుమతించెను గాని, కొందరికి ఆ మందు సరిపడక ప్రాణాపాయము గలిగెను, కొందరి కాళ్లు చచ్చుబడెను; క్రమముగా అది వాడుక తప్పెను. 1977లో యాసర్గిల్, కాస్పర్ అనువారు వేర్వేరుగా, సూక్ష్మదర్శిని సాయముతో చిన్న కోత నుండి డిస్కును తీయుటను వెల్లడించిరి. 1997లో గొట్టము ద్వారా చేయు పద్ధతియు వచ్చెను.

వీనిని తూచి చూతము. పాత పెద్దకోతలో లోపల బాగుగ గనబడును, గాయము పెద్దది. సూక్ష్మదర్శిని పద్ధతిలో కండ తక్కువ చెదరును. గొట్టపు పద్ధతిలో కోత యింకను చిన్నది. తుదకు కలుగు ఉపశమనము మాత్రము ఇంచుమించు సమానమే. మరలు బిగించి పూసల నతుకుట మొదటిసారి జారిన డిస్కునకు సాధారణముగా అక్కరలేదు; దీర్ఘమైన ఆ చికిత్స మధుమేహికి మరింత గండము.

అయినను మధుమేహి విషయమున కోత కొలత కంటె రక్తములోని చక్కెర ముఖ్యము. అది అదుపు తప్పినచో చిన్న గాయమును చీము పట్టవచ్చును. అంతేకాదు, చక్కెర స్వయముగా నరములను చెరచును. డిస్కు నొక్కినది కత్తితో తీరును; చక్కెర చెరచినది తీరదు.

మా యన్నగారికి కాలి బలము తగ్గలేదు గనుక వైద్యుడు తొందరపడలేదు. చాలమందికి కొన్ని వారములలో కత్తి లేకయే తగ్గునని చెప్పి, నడక, వ్యాయామము, మందులు నిర్ణయించి, మూడు నెలల చక్కెర సగటును తెలుపు పరీక్ష చేయించెను. నొప్పికై వెన్నున వేయు స్టీరాయిడు సూది చక్కెరను పెంచునని హెచ్చరించెను. రెండు నెలలైనను నొప్పి తీరలేదు. చక్కెర మాత్రము దారికి వచ్చెను. అపుడు సూక్ష్మదర్శినితో డిస్కు తీసిరి. పిక్కలాగుడు పోయెను, అరికాళ్ల మంట నేటికిని ఉన్నది. అది మధుమేహము పెట్టిన బాకీ.

ఒక్క మాట మరువకుడు. మూత్రము బిగిసినను, అదుపు తప్పినను, కూర్చుండు తావు మొద్దుబారినను, పాదము వ్రేలాడినను, చక్కెర తగ్గుదాక వేచియుండరాదు. తక్షణమే ఆసుపత్రి చేరవలెను. ఒక చేత ఇన్సులిను, ఒక చేత శస్త్రము పట్టి వైద్యులు నరమును కాపాడ యత్నింతురు. తక్కిన వేళలలో, ఏ కోత యని యడుగుటకు ముందు, నా చక్కెర యెంత యని యడుగుడు. సెలవు.