పెస్తన్‌షాహీ రూపాయి: హైదరాబాద్ రాజ్యంలో ఒక పార్సీ వర్తక గృహం

పందొమ్మిదవ శతాబ్దపు హైదరాబాద్ రాజ్యంలో పారసీక మూలాలు గల సంపన్న వర్తకులలో వికాజీ మెహర్‌జీ, పెస్తన్‌జీ మెహర్‌జీ అనే పార్సీ సోదరులు ముఖ్యులు. వీరిని కేవలం వడ్డీవ్యాపారులుగా పరిగణించడం సరికాదు. 1825–26లో బేరార్ నుంచి బొంబాయికి పెద్దయెత్తున పత్తిని తొలుత పంపినది వీరే. 500 పెరికెద్దులపై కనుమలు దాటిన ఆ సరుకు తూకం 1,20,000 పౌన్లు. విలువ 25,000 రూపాయలు.

పామర్ కంపెనీ పతనానంతరం నిజాం సర్కారుకు కొత్త రుణదాతలు కావలసివచ్చారు. చందూలాల్ హయాంలో ఆ స్థానం ఈ సోదరులకు దక్కింది. వారి అప్పుకు పూచీ బేరార్ ప్రాంతపు భూమిశిస్తు. ఔరంగాబాద్ టంకశాల సైతం వారి అధీనంలోకి రాగా, అక్కడి రూపాయికి ‘పెస్తన్‌షాహీ’ అన్న పేరు స్థిరపడింది. రాజముద్ర ఉండవలసిన చోట వర్తకుని పేరు వాడుకకెక్కడం సామాన్య విషయం కాదు. అయినా ఆ పలుకుబడికి ఆధారం పత్తి కాదు, మంత్రి అనుగ్రహమేనని నా అభిప్రాయం. 1843లో చందూలాల్ పదవి వీడాడు. 1845లో సర్కారు తాకట్టు తాలూకాలను తిరిగి స్వాధీనపరచుకొన్నది.

నేటి దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి వెళితే కోఠీలో నాటి బ్రిటిష్ రెసిడెన్సీ కనిపిస్తుంది. ఈ సోదరులు కంపెనీ ప్రభుత్వాన్ని ఆశ్రయించినా, అది జోక్యానికి నిరాకరించింది. అదే కంపెనీ, కంటింజెంట్ సైన్యపు బాకీ పేరిట 1853లో బేరార్‌ను తన వశం చేసుకొన్నది. సికింద్రాబాద్‌లో 1847లో ఈ సోదరులు నెలకొల్పిన అగ్న్యాలయం మాత్రం నేటికీ నిలిచివున్నది.