చిటికెడు నల్లరేగడి: ప్రాజెక్టు మాటలకు వ్యాఖ్య

మద్నూర్ పత్తిచేలోంచి చిటికెడు నల్లరేగడి తెచ్చి, అందులోని బాక్టీరియాను పెంచి చూపడం బైపీసీ పిల్లలకు తగిన ప్రాజెక్టు. దాన్ని క్షేమంగా చేయాలంటే ముందు మాటల అర్థం తేలాలి.

నమూనా. అంటే ఆ చేనుకు బదులుగా మనం పరీక్షించే కాస్త మట్టి. గ్రాము మట్టిలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి 1948లో వెలువడిన యాంటీబయోటిక్ ఆరియోమైసిన్‌కు మూలం మట్టి జీవే. ధనుర్వాతపు క్రిమి బీజాలు ఉండేదీ మట్టిలోనే. చేతికి చిన్న కోత ఉన్నా గ్లవ్స్ తప్పనిసరి.

కాలనీ. అంటే ఒక్క కణమో, కొన్ని కణాలో చీలుతూ పెరిగి కంటికి ఆనిన చుక్క. సజ్జగింజంత చుక్కలో కోట్ల కణాలు. "రోజూ చేలో తొక్కే మట్టేగా" అంటారు. చేలో ప్రతి జీవికీ పోటీ ఉంటుంది, మేత తక్కువ. పెట్రీ డిష్‌లో మనమే అగార్ అనే జెల్లీలో మేత పెట్టి, ఒక్కో జాతినీ గుంపుగా పెంచుతున్నాం. అందుకే చుక్కలు లేచాక మూత తీయరాదు, వాసన చూడరాదు. మూతకు టేపు నాలుగుచోట్ల ముక్కలుగా అంటించాలి. చుట్టూ బిగిస్తే ఆక్సిజన్ గిట్టని జాతులకు వీలు చిక్కుతుంది.

గది ఉష్ణోగ్రత. అన్నిటికన్నా ఎక్కువ పొరబడేది ఇక్కడే. ప్రయోగ పుస్తకాల్లో దీనర్థం సుమారు 20 నుంచి 25 డిగ్రీలు. గదిలో ఎంతుంటే అంత అని కాదు. మే నెలలో మద్నూర్ ఎండ 40 దాటుతుంది, రేకుల గది పొయ్యిలా కాగుతుంది. మనిషి ఒంటి వేడి 37. ఆ వేడికి అలవాటుపడ్డ రోగక్రిములు అక్కడ జోరుగా పెరుగుతాయి. కాబట్టి బడి ప్రయోగంలో 30 దాటనీయకూడదు. నన్నడిగితే కార్తీకం నుంచి మాఘం దాకా ఈ పనికి అనువైన కాలం. అప్పుడైనా డిష్‌ల పక్కన థర్మామీటరు ఉండాల్సిందే.

స్పిరిట్. బల్ల తుడవడానికి 70 శాతానిది కావాలి. కణంలోని ప్రోటీను విరగడానికి కొంత నీరు అవసరం; 95 శాతానిది తొందరగా ఆవిరైపోతుంది. స్పిరిట్ దీపం వెలుగుతుండగా సీసా దగ్గరికి రాకూడదు. స్పిరిట్ మంట పగటివేళ కంటికి సరిగా కనబడదు.

స్టెరిలైజేషన్. అంటే బీజాలతో సహా ఏ జీవీ మిగలకుండా చేయడం. కడిగిన గిన్నె శుభ్రమైనదే, స్టెరైల్ కాదు. మరిగే నీటి 100 డిగ్రీలను కొన్ని బీజాలు తట్టుకుంటాయి. 15 పౌండ్ల పీడనంలో 121 డిగ్రీల ఆవిరి 15 నిమిషాలు పట్టాలి. కుక్కర్ వాడితే విజిళ్లు లెక్కపెట్టవద్దు. ముందు ఆవిరిని ధారగా పోనిచ్చి, లోపలి గాలి వెళ్లాకే వెయిట్ పెట్టాలి. గాలి మిగిలితే పీడనం ఉన్నా వేడి చాలదు. పీడనం నిండాకే గడియారం చూడాలి. ఆ కుక్కర్ మళ్లీ వంటకు పనికిరాదు.

పారవేయడం. ప్రయోగం ముగిశాక గాజు డిష్‌లను మూత తీయకుండానే అదే కుక్కర్‌లో, అదే లెక్కన ఉడికించాలి. చల్లారాక తెరిచి, అగార్‌ను చెత్తలో వేసి, గ్లవ్స్ తీసి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి.