పాలరోగం, కత్తెర పురుగు, జన్యుచికిత్స: వైరల్ వెక్టర్ల భారీ ఉత్పత్తి చరిత్ర

జన్యుచికిత్సలో మందు జన్యువే. దాన్ని రోగి కణాల్లోకి చేర్చే పని వైరస్‌ది. రోగం తెప్పించే జన్యువులు తీసేసి, ఆ చోట కావలసిన జన్యువును పెట్టిన ఇలాంటి వైరస్‌ను వైరల్ వెక్టర్ అంటారు. గాజు పాత్రల్లో చిటికెడు వెక్టర్ తయారుచేయడం 1980ల నుంచే తెలిసిన విద్య. మనుషులకు సరిపడా తయారుచేయడానికి మాత్రం ఇంకో ఇరవై, ముప్పై ఏళ్లు పట్టింది. ఆ చరిత్రలో పెద్ద భాగం చిక్కబళ్లాపురం జిల్లా రైతుకు బాగా తెలిసిన రెండు పీడలతో ముడిపడి ఉంది. ఒకటి పట్టుపురుగుకు వచ్చే పాలరోగం. రెండోది మొక్కజొన్నను తినేసే కత్తెర పురుగు.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్‌కు, చింతామణి చుట్టుపక్కల మల్బరీ తోటలకు పాలరోగం పాత శత్రువు. రోగం తగిలిన పురుగు ఉబ్బిపోతుంది. చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది, దాంతో తట్టలోని మిగతా పురుగులకూ అంటుకుంటుంది. షెడ్డు కడిగి బ్లీచింగ్ పొడి, సున్నం చల్లడమే రైతు చేయగలిగింది. దీనికి మూలం బాక్యులోవైరస్ కుటుంబానికి చెందిన వైరస్. ఆ ద్రవం తెల్లగా కనిపించేది అందులోని వైరస్ స్ఫటికాల వల్ల. ఆ స్ఫటికాలన్నీ పాలీహెడ్రిన్ అనే ఒకే ప్రొటీన్‌తో తయారవుతాయి. పురుగును చంపే చివరి దశలో వైరస్ దాన్ని విపరీతంగా ఉత్పత్తి చేయిస్తుంది.

ఆ విపరీతం మీదే శాస్త్రజ్ఞుల కన్ను పడింది. పాలీహెడ్రిన్ జన్యువు చోట వేరే జన్యువు పెడితే, పురుగు కణం దాన్నీ అంతే ధారాళంగా తయారుచేయాలి కదా! 1983లో అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గేల్ స్మిత్, మాక్స్ సమ్మర్స్ బృందం ఇంకో చిమ్మట జాతి వైరస్‌తో ఇలాగే మనిషి ఇంటర్‌ఫెరాన్‌ను తయారుచేయించింది. 1985లో జపాన్‌కు చెందిన సుసుము మయెదా బృందం పట్టుపురుగు ఒంట్లోనే ఆ పని చేయించింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కె.పి. గోపినాథన్ బృందం 1990ల మధ్యలో స్థానికంగా దొరికిన పాలరోగం వైరస్‌ను పరిశీలించి, దాని నుంచి వెక్టర్లు నిర్మించింది. వాటితో పట్టుపురుగు కణాల్లోనూ, బతికున్న పురుగుల్లోనూ బయటి జన్యువులను పనిచేయించింది. కర్ణాటక పట్టుసీమకు ఈ చరిత్రలో ఉన్న వాటా ఇది. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

కత్తెర పురుగు కథ ఇంకా వింత. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు 2018 మేలో శివమొగ్గ ప్రాంతంలో బయటపడింది. అదే ఏడాది జూలైలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ సర్వేలో చిక్కబళ్లాపురం దగ్గరి ఒక మొక్కజొన్న చేనులో 70 శాతానికి పైగా మొక్కల్లో కనిపించింది. రైతులకు అది కొత్త పీడ. ప్రయోగశాలలకు మాత్రం పాత నేస్తం. 1977లోనే అమెరికా శాస్త్రజ్ఞులు ఈ పురుగు ప్యూపా అండాశయం నుంచి కణాలు తీసి పెంచారు. వాటిలోంచి 1983లో వేరుచేసిన వంశమే ఎస్ఎఫ్9.

ఎస్ఎఫ్9 అక్కరకు వచ్చిన కారణం అర్థం కావాలంటే కాస్త లెక్క చూడాలి. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా-బి జబ్బుకు ఇచ్చే హెమ్‌జెనిక్స్ మోతాదు కిలో బరువుకు 20 లక్షల కోట్ల వెక్టర్లు. 70 కిలోల మనిషికి 1,400 లక్షల కోట్లు. లీటరు ద్రవానికి 100 లక్షల కోట్లు దిగితే మంచి దిగుబడే అనుకున్నా, శుద్ధిలో పోయేది కలపకుండానే ఒక్క రోగికి 14 లీటర్లు కావాలి. హీమోఫీలియా-ఎ మందు రోక్టేవియన్‌కు ఇంకా మూడింతలు.

వీటిలో వాడే ఏఏవీ అనే చిన్న వైరస్‌ను మొదట మనిషి మూత్రపిండ కణాల్లో, హెచ్ఈకే293లో పెంచేవారు. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహమ్ సాధించిన కణవంశం ఇది; అతని 293వ ప్రయోగంలో దొరికింది కాబట్టి ఆ అంకె. ఈ కణాలు పాత్ర అడుగుకు అంటుకుని పెరుగుతాయి. దిగుబడి పెంచాలంటే పాత్రలు పెంచాలి, వాటిని పెట్టే గదులు పెంచాలి, చూసుకునే మనుషులు పెరగాలి. పైగా ప్రతి విడతకూ మూడు రకాల ప్లాస్మిడ్ డీఎన్ఏ బోలెడంత కొనాలి. ద్రవంలో తేలుతూ పెరిగే హెచ్ఈకే కణాలు తర్వాత వచ్చాయి. ఎస్ఎఫ్9 మొదటినుంచీ తేలుతూనే పెరుగుతుంది. 27, 28 డిగ్రీలు చాలు, కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు.

2002లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో మసాషి ఉరాబే, రాబర్ట్ కోటిన్ బృందం మూడు బాక్యులోవైరస్‌లను ఒకేసారి ఎస్ఎఫ్9కి అంటించి ఏఏవీని పండించింది. 2009 నాటికి ఆ పని రెండింటితో సరిపెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ ఒకటి తన గ్లైబెరా మందును హెచ్ఈకే నుంచి ఈ పద్ధతికి మార్చింది. 2012లో ఐరోపా సంఘం అనుమతి పొందిన మొదటి జన్యుచికిత్స అదే. ఉత్పత్తి చిక్కు విడినా కొనేవాళ్లు దొరకలేదు. దాదాపు 10 లక్షల యూరోల మందు అమ్ముడైంది ఒకే ఒక్క రోగికి, 2017లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. పద్ధతి మాత్రం నిలిచింది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన హెమ్‌జెనిక్స్, అదే ఏడాది ఐరోపాలో అనుమతి పొందిన రోక్టేవియన్ రెండూ పురుగు కణాల పంటే.

చిక్కులు పూర్తిగా పోలేదు. లోపల జన్యువు లేని ఖాళీ గుల్లలు ప్రతి విడతలోనూ బోలెడు వస్తాయి. నిండిన వాటి నుంచి వాటిని వేరుచేయడం నేటికీ ఖరీదైన పనే. 2014లో ఎస్ఎఫ్9 కణాల్లోనే ఎప్పటినుంచో దాగి ఉన్న రాబ్డోవైరస్ ఒకటి బయటపడడంతో, అది లేని కొత్త వంశాల కోసం వెతుకులాట మొదలైంది.

భారతదేశం వేరే దారిలో ముందుకు పోయింది. ఇక్కడ మొదట ఫలితమిచ్చింది లెంటివైరస్. రోగి కణాలను బయటికి తీసి మార్చి తిరిగి ఎక్కించే చికిత్సలో వెక్టర్ తక్కువే చాలు. అయితే అది సున్నితమైన వైరస్, శుద్ధిలో త్వరగా పాడవుతుంది. 2023 అక్టోబరులో అనుమతి పొందిన ముంబయి ఇమ్యునోయాక్ట్ వారి నెక్స్‌కార్19, బెంగళూరు ఇమ్యునీల్ 2025 జనవరిలో తెచ్చిన కార్టెమీ ఈ కోవలోని రక్త క్యాన్సర్ చికిత్సలు. నెక్స్‌కార్19 ధర విదేశాల కంటే ఎంతో తక్కువగా ఉండడానికి వెక్టర్‌ను సొంతంగా తయారుచేసుకోవడం ఒక కారణం. వెల్లూరు సీఎంసీలో ఐదుగురు హీమోఫీలియా-ఎ రోగులకు లెంటివైరస్‌తో చేసిన చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. చికిత్స తర్వాత వాళ్లలో రక్తస్రావాలు ఆగిపోయాయి.

పెద్ద ట్యాంకుల అనుభవం మాత్రం కోవిడ్ టీకాలతో వచ్చింది. 2021 మేలో డాక్టర్ రెడ్డీస్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన స్పుత్నిక్-వి టీకాలో రెండు డోసులకు రెండు వేర్వేరు అడినోవైరస్ వెక్టర్లు. రెండోదాన్ని తయారుచేయడం కష్టమై ప్రపంచమంతటా రెండో డోసుకు కటకట వచ్చింది. ఒక వైరస్ బాగా పండినంత మాత్రాన దాని దాయాది కూడా పండుతుందని నమ్మకం లేదని తయారీదారులకు అప్పుడు తెలిసొచ్చింది.

బెంగళూరు నుంచి చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా పోయే 44వ జాతీయ రహదారి హైదరాబాద్ చేరుతుంది. అక్కడి జీనోమ్ వ్యాలీలో, ముక్కులో వేసే అడినోవైరస్ టీకా ఇన్‌కోవాక్ చేసిన భారత్ బయోటెక్, 2025లో 50 వేల చదరపు అడుగుల్లో, 7.5 కోట్ల డాలర్ల పెట్టుబడితో జన్యుచికిత్స కేంద్రం తెరిచింది. ఏఏవీ, లెంటివైరస్, అడినోవైరస్ మూడింటినీ అక్కడ తయారుచేయాలన్నది సంస్థ ఉద్దేశం.