వెన్న ఊళ్లో రంగుల బ్యాంకు

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరానికి దక్షిణంగా దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఒవటోనా అనే ఊరుంది. 1900ల తొలినాళ్లలో అక్కడి జనాభా ఆరువేల లోపే. చుట్టూ పాడిపశువులు, మొక్కజొన్న, గోధుమ చేలు. ఊరున్న స్టీల్ కౌంటీలో వెన్న తీసే సహకార కేంద్రాలు ఎన్ని ఉండేవంటే, ప్రపంచానికే వెన్న రాజధాని తమదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. అలాంటి ఊళ్లో ప్రపంచ వాస్తుశిల్ప చరిత్ర పుస్తకాలకు ఎక్కిన ఓ బ్యాంకు భవనం ఉంది. అది 1908లో పూర్తయిన నేషనల్ ఫార్మర్స్ బ్యాంకు. గీసింది లూయిస్ సల్లివన్.

కట్టించింది మాత్రం కార్ల్ బెనెట్. ఈ కథలో ఆయనకు దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి. హార్వర్డ్‌లో చదివిన బెనెట్‌కు సంగీతమంటే ప్రాణం. అదే బతుకుదారి చేసుకోవాలనుకున్నాడు. కానీ ఇంటి బ్యాంకు పిలిచింది. డాక్టరుగా ఉండి బ్యాంకింగ్‌లోకి వచ్చిన తండ్రి దానికి అధ్యక్షుడు, కొడుకు ఉపాధ్యక్షుడు. (డాక్టరు బ్యాంకు నడపడం తెలుగువాళ్లకు వింత కాదు. బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్యే కదా 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది!) బెనెట్ల బ్యాంకు 1873 నాటిది. వ్యాపారం పెరిగి చోటు చాలక కొత్త భవనం కట్టాలనుకున్నారు.

అప్పట్లో అమెరికాలో బ్యాంకంటే రోమన్ గుడి. 1893 షికాగో ప్రదర్శనలో తెల్లటి స్తంభాల భవనాలు చూసి మురిసిన దేశం, ఊరూరా బ్యాంకులకూ కచేరీలకూ అవే స్తంభాలు తగిలించింది. డబ్బు దాచుకునే వాళ్లకు గట్టిదనం కనిపించాలి, రాతి స్తంభాలకు మించిన గట్టిదనం ఏముంటుందని వాళ్ల లెక్క. బెనెట్‌కు ఇది నచ్చలేదు. పాతకాలపు గుడి రూపం తెచ్చి ఈనాటి బ్యాంకుకు తొడిగితే అది బ్యాంకు పనిని చెప్పదని ఆయన అభిప్రాయం. ఆ సమయంలోనే, 1906లో, ‘ది క్రాఫ్ట్స్‌మన్’ పత్రికలో సల్లివన్ వ్యాసం ఒకటి ఆయన కంటపడింది. సరిగ్గా తన మనసులో మాటే అందులో ఉంది. వెంటనే ఉత్తరం రాశాడు.

సల్లివన్ అంతకుముందే ఈ విషయం మీద బ్యాంకర్లను ఆటపట్టించి ఉన్నాడు. బ్యాంకు రోమన్ గుడిలా ఉండాలంటే బ్యాంకరు కూడా టోగా చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని, లావాదేవీలు లాటిన్‌లో నడపాలి కదా అన్నది ఆయన వెక్కిరింపు. ఇలా మాట్లాడేవాడికి పెద్ద నగరాల బ్యాంకులు పని ఇస్తాయా? ఇవ్వలేదు.

నిజానికి ఆ ఉత్తరం అందేనాటికి సల్లివన్ దశ తిరగబడింది. సెయింట్ లూయిస్‌లో వెయిన్‌రైట్ భవనం, బఫెలోలో గ్యారంటీ భవనం, షికాగోలో ఆడిటోరియం కట్టి, ఆకాశహర్మ్యానికి ఒక రూపం ఇచ్చినవాళ్లలో ముందువరసలో నిలిచినవాడు ఆయన. ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. కానీ 1895లో భాగస్వామి డాంక్‌మర్ ఆడ్లర్ విడిపోయాక పనులు తగ్గుతూ వచ్చాయి. గిరాకీలను మాటలతో మెప్పించి పని తెచ్చేవాడు ఆడ్లరే. సల్లివన్‌కు ఆ ఒడుపు లేదు, పైగా తాగుడు. షికాగోలో ఆయన్ని మరిచిపోతున్న రోజుల్లో, పాడిరైతుల ఊరి నుంచి పిలుపొచ్చింది.

భవనం కూడలిలో, ఊరి పార్కుకు ఎదురుగా ఉంటుంది. కొలతలు చూస్తే పెద్దదేం కాదు. ఒక్కో పక్క 68 అడుగులున్న చదరపు కట్టడం. కింద ఎర్రరాతి పీఠం, దానిమీద గరుకు ఇటుక గోడ. వీధి వైపున్న రెండు గోడల్లోనూ ఒక్కొక్క భారీ కమాను, వెడల్పు 36 అడుగులు, నిండా రంగుటద్దాలు. గోడ అంచుల వెంట ఆకుపచ్చ టెర్రకోట పట్టీ, నీలి మొజాయిక్, మూలల్లో ఆకులూ తీగలూ అల్లుకున్న పెద్ద టెర్రకోట చిహ్నాలు. ఆ ఇటుకల్ని ‘ట్యాపెస్ట్రీ’ ఇటుకలు అనేవారు. ఒక్కొక్కటీ ఒక్కో ఛాయలో ఉంటుంది కాబట్టి దూరం నుంచి గోడ నేసిన బట్టలా కనిపిస్తుంది. పక్కనే తక్కువ ఎత్తులో దుకాణాలకూ ఆఫీసులకూ అద్దెకిచ్చే భాగం కూడా కట్టారు. అద్దె రాబడి బ్యాంకుకు అక్కరకొస్తుంది కదా.

‘రూపం పనిని అనుసరిస్తుంది’ అన్న నినాదానికి మూలపురుషుడు సల్లివనే. 1896లో రాసిన మాట అది. తరవాతి తరం ఆ మాట పట్టుకుని నగిషీలన్నీ ఊడబెరికి, గాజూ ఉక్కూ మాత్రమే మిగిల్చింది. అదే మాటన్న మనిషి తన బ్యాంకును తీగలతో, పువ్వులతో నింపేశాడు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. సల్లివన్ దృష్టిలో ‘పని’ అంటే డబ్బు లెక్కపెట్టడం ఒక్కటే కాదు, ఆ డబ్బు ఎవరిది, ఏ నేల నుంచి వచ్చింది అన్నది కూడా అందులో భాగమే. ఆయన శిష్యులమని చెప్పుకున్నవాళ్లు సగం మాటే విన్నారు.

లోపలికి వెళితే సంగతి ఇంకా తేటపడుతుంది. ఆస్కర్ గ్రాస్ అనే చిత్రకారుడు గోడలమీద వేసిన పెద్ద చిత్రాల్లో దేవతలు లేరు, చక్రవర్తులు లేరు. ఒకదాంట్లో పచ్చికలో ఆవులు, మరోదాంట్లో కోతలు. పాలడబ్బాలు దించి నేరుగా వచ్చిన రైతు తల ఎత్తితే తన పశువులే గోడమీద కనిపిస్తాయి. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది, ఊరికి వచ్చిన ఆడవాళ్లకు ఒక గది విడిగా కట్టారు. పై నుంచి వేలాడే నాలుగు ఇనుప దీపస్తబకాలు ఒక్కొక్కటీ రెండు టన్నుల పైమాటే. షికాగోలోని విన్‌స్లో బ్రదర్స్ పోతపోసింది. రంగుటద్దాలూ గోడల రంగులూ లూయిస్ మిలే చూసుకున్నాడు. గోడలకు వేసిన ఛాయలు ఆకుపచ్చలోనే లెక్కలేనన్ని. ఎండ ఆ అద్దాల్లోంచి పడితే హాలంతా లేత పచ్చగా, బంగారు రంగుగా మారుతుంది.

1908 వసంతంలో సల్లివన్ బెనెట్‌కు రాసిన ఉత్తరంలో, తనకు కావలసింది రంగుల సింఫనీ అన్నాడు. తీగవాద్యాలూ, పిల్లనగ్రోవులూ, కొమ్ములూ కలిసి మోగినట్టు రంగులు పలకాలట. రాసిన మనిషి వాస్తుశిల్పి, అందుకున్న మనిషి సంగీతకారుడు కావాలనుకుని బ్యాంకరైనవాడు. ఇలాంటి ఉత్తరం చదివి అర్థం చేసుకుని డబ్బు మంజూరు చేసే బ్యాంకర్లు అమెరికా మొత్తంలో ఇంకెందరుంటారు? మొత్తం ఖర్చు సుమారు 1,25,000 డాలర్లు. ఆరువేల మంది లేని ఊరికి అది మామూలు మొత్తం కాదు. అదే ఏడాది నవంబరులో, తనకు సల్లివన్‌ను చూపించిన ‘ది క్రాఫ్ట్స్‌మన్’లోనే, రైతుల కోసం కట్టిన బ్యాంకు అంటూ బెనెట్ స్వయంగా వ్యాసం రాశాడు.

ఇక్కడ ఇంకో పేరు చెప్పకపోతే తప్పు. జార్జ్ ఎల్మ్‌స్లీ. స్కాట్లండ్‌లో పుట్టి, ఇరవయ్యేళ్లు సల్లివన్ ఆఫీసులో పనిచేసినవాడు. టెర్రకోట నగిషీల్లో చాలాభాగం ఆయన చేతి గీతలే. పెద్ద కమాను ఆలోచన కూడా తనదేనని తరవాతి కాలంలో చెప్పుకున్నాడు. చరిత్రకారులు ఈ వాదనను కొట్టిపారేయలేదు. యజమాని సంతకం కింద ఉద్యోగి ప్రతిభ మరుగున పడటం ఏ వృత్తిలోనైనా ఉన్నదే. 1909 చివర్లో జీతం ఇవ్వలేని స్థితిలో సల్లివన్ ఎల్మ్‌స్లీని పంపించేయవలసి వచ్చింది. ఆ నవంబరులోనే తన పుస్తకాలూ సామానూ వేలం వేసుకున్నాడు.

ఒవటోనా బ్యాంకు చూసి మరికొన్ని చిన్న ఊళ్లు పిలిచాయి. అయోవాలో గ్రినెల్, సీడర్ రాపిడ్స్, ఒహాయోలో న్యూఆర్క్, సిడ్నీ, విస్కాన్సిన్‌లో కొలంబస్. ఇలాంటివి ఒవటోనాతో కలిపి మొత్తం ఎనిమిది కట్టడాలు. అమెరికన్లు వీటిని ‘నగల పెట్టెలు’ అంటారు. సిడ్నీలో జరిగిన ముచ్చట ఒకటి చెబుతారు. సల్లివన్ రెండు రోజులు కాలిబాట అంచున కూర్చుని సిగరెట్లు కాలుస్తూ ఖాళీ స్థలం చూస్తూ గడిపాడట. తరవాత లోపలికొచ్చి చకచకా బొమ్మ గీసిచ్చాడు. ఒక డైరెక్టరుకు స్తంభాలుంటే బాగుండుననిపించింది. ఆ మాటకు సల్లివన్ బొమ్మ చుట్టేశాడు. మీ కోరిక తీర్చే వాస్తుశిల్పులు వెయ్యిమంది దొరుకుతారు, ఇది కట్టగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే అన్నాడు. డైరెక్టర్లు దిగొచ్చారు. 1924 ఏప్రిల్‌లో షికాగో హోటల్ గదిలో పేదగా చనిపోయేదాకా ఆయన చేతికొచ్చిన చెప్పుకోదగ్గ పనులు ఎక్కువగా ఇలాంటివే.

బెనెట్ కథ కూడా సుఖంగా ముగియలేదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో గోధుమకు మంచి ధర పలికింది. రైతులు అప్పులు చేసి భూములు కొన్నారు, బ్యాంకులు ఆ భూములే తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చాయి. 1920 తరవాత ధరలు కుప్పకూలాయి. పంట అమ్మితే వడ్డీ కూడా రాలేదు, తాకట్టు పెట్టిన భూమి విలువ అప్పుకు సరిపోలేదు. ఆ దశాబ్దంలో అమెరికాలో మూతపడ్డ బ్యాంకులు ఐదువేల పైన, అందులో ఎక్కువ చిన్న ఊళ్లవే. నేషనల్ ఫార్మర్స్ బ్యాంకు కూడా 1926లో దివాలా తీసింది. అందంగా కట్టడం వల్ల ఆ బ్యాంకు కూలిందని ఎవరైనా అంటే నమ్మవద్దు. స్తంభాలు పెట్టుకున్న బ్యాంకులూ అదే వరసలో కూలాయి.

బ్యాంకు పోయింది, భవనం ఇతర బ్యాంకుల చేతుల్లోకి వెళ్లింది. 1940లో ఆధునికం చేస్తామంటూ లోపలి కౌంటర్లు పీకేశారు. ఎల్మ్‌స్లీ గీసిన ఇనుప జాలీలు చెల్లాచెదురయ్యాయి. వాటిలో ఒకటి ఇప్పుడు మినియాపొలిస్ కళా మ్యూజియంలో ఉంది. ఊరివాళ్లు బ్యాంకులో చూడవలసిన వస్తువును మ్యూజియంలో వెతుక్కోవలసి రావడం ఎంత చిత్రం! అదృష్టమేమిటంటే, 1950ల్లో యజమానిగా ఉన్న సెక్యూరిటీ బ్యాంకు తన చేతిలో ఉన్నదేమిటో గ్రహించింది. కాలిఫోర్నియాలో పేరు తెచ్చుకున్న హార్వెల్ హామిల్టన్ హారిస్‌ను పిలిపించి 1958 నాటికి బాగుచేయించింది. కళాకట్టడాలను కూలగొట్టి కార్ల పార్కింగులు వేస్తున్న కాలంలో అమెరికన్ బ్యాంకు ఒకటి ఈ పని చేయడం అరుదు.

ఒహాయోలోని న్యూఆర్క్ భవనానికి ఆ రాత లేదు. బ్యాంకు వెళ్లిపోయాక అది మాంసం కొట్టు, నగల కొట్టు, ఐస్‌క్రీం కొట్టు అయింది. ఒవటోనా భవనం నిలిచిందంటే కారణం అది బ్యాంకుగానే కొనసాగడం. ఏ పనికోసం కట్టారో ఆ పనే అందులో జరుగుతున్నంతకాలం, హాలును అడ్డగోడలతో ముక్కలు చేయవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

1976లో ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది. 1981లో 18 సెంట్ల తపాలా బిళ్ల మీద వేసింది. యజమానుల పేర్లు నార్త్‌వెస్టర్న్, నార్వెస్ట్ అని మారుతూ 1998 విలీనంతో వెల్స్ ఫార్గో దగ్గర ఆగాయి.

మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది కారులో గంట ప్రయాణం. వెళ్లేవాళ్లు పనివేళలు కనుక్కుని, బ్యాంకు తెరిచి ఉండే వారపు రోజున, ఎండ ఉన్నప్పుడు వెళ్లండి. ఆదివారం వెళితే బయటి ఇటుకలు చూసి తిరిగి రావలసిందే. ఆవులూ రంగుటద్దాలూ లోపలే ఉన్నాయి.