మోటార్‌హోమ్ క్లబ్బుల స్థానిక శాఖలు

పడక, వంటగట్టు, మరుగుదొడ్డి అమర్చిన వాహనాల్లో విహరించేవారి జాతీయ సంఘానికి ఒక జిల్లాలోనో ప్రాంతంలోనో ఉండే స్వచ్ఛంద విభాగమే మోటార్‌హోమ్ క్లబ్బు స్థానిక శాఖ. సభ్యులు రెండు మూడు రోజులు కలిసి మకాం వేయడానికి పొలమో మైదానమో వెతకడం, అక్కడ నీళ్లు, పారిశుద్ధ్యం, భద్రత చూసుకోవడం, లెక్కలు రాయడం దీని ప్రధానమైన పనులు. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికా దేశాల్లో ఈ శాఖల వ్యవస్థ బాగా వేళ్లూనుకుంది. పేర్లు మాత్రం దేశానికొకటి: బ్రిటన్‌లో సెంటర్, డిస్ట్రిక్ట్ అసోసియేషన్; న్యూజిలాండ్‌లో ఏరియా; ఆస్ట్రేలియా, అమెరికాల్లో చాప్టర్. ఈ వ్యాసం ముఖ్యంగా బ్రిటన్ పద్ధతిని వివరిస్తుంది. అక్కడ శాఖ ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో 1960 నాటి ఒక చట్టం చాలావరకు నిర్ణయించింది.

చరిత్ర

సరదా కోసం బండిలో కాపురం పెట్టి దేశం తిరిగినవారిలో తొలితరం మనిషిగా విలియం గోర్డన్ స్టేబుల్స్‌ను చెబుతారు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, తర్వాత పిల్లల సాహస కథలు రాసిన ఆయన 1885లో ‘వాండరర్’ అనే గుర్రపు బండిని కట్టించుకున్నాడు. ఇలాంటి బండ్ల ఔత్సాహికులు కలిసి 1907లో కారవాన్ క్లబ్బును స్థాపించారు. అప్పటికి కారవాన్ అంటే గుర్రాలు లాగే బండే. మోటారు వాహనాల్లో తిరిగే సభ్యులు పెరిగిన తర్వాత, 2017లో ఈ సంస్థ తన పేరును కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్బుగా మార్చుకుంది. దీని స్థానిక శాఖలను సెంటర్లు అంటారు.

మరో పెద్ద సంస్థ క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్బు. దర్జీ వృత్తిలో ఉన్న థామస్ హైరమ్ హోల్డింగ్ 1901లో సైకిల్ మీద గుడారం కట్టుకుని తిరిగేవారి సంఘంగా దీన్ని ప్రారంభించాడు. దక్షిణ ధ్రువ అన్వేషకుడు కెప్టెన్ స్కాట్, స్కౌట్ ఉద్యమాన్ని స్థాపించిన బేడెన్ పోవెల్ దీని చరిత్రలో అధ్యక్షులుగా కనిపిస్తారు. గుడారం, కారవాన్, మోటార్‌హోమ్ ఏది ఉన్నవారైనా ఇందులో చేరవచ్చు. దీని శాఖలు డిస్ట్రిక్ట్ అసోసియేషన్లు. మోటారు వాహనాలవారికే ప్రత్యేకంగా 1960లో మోటార్ కారవానర్స్ క్లబ్బు ఏర్పడింది.

చట్ట నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఇళ్ల కొరత వల్ల కారవాన్లలో శాశ్వతంగా కాపురం ఉండేవారు పెరిగారు. తీర ప్రాంతాల్లో విహారస్థలాలు కూడా అడ్డూ అదుపూ లేకుండా వెలిశాయి. వీటిని క్రమబద్ధం చేయడానికి పార్లమెంటు 1960లో కారవాన్ సైట్స్ అండ్ కంట్రోల్ ఆఫ్ డెవలప్‌మెంట్ చట్టం చేసింది. దీని ప్రకారం స్థానిక ప్రభుత్వం నుంచి లైసెన్సు లేకుండా ఎవరూ తమ భూమిని కారవాన్ల విడిదిగా వాడనివ్వకూడదు. కారవాన్ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో, నివాసానికి వీలుగా తయారుచేసిన లేదా మార్చిన మోటారు వాహనం కూడా ఉంది. కాబట్టి మోటార్‌హోమ్‌కూ ఇదే నియమం.

చట్టం మొదటి షెడ్యూలులో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. దారిన పోయే ఒక్క కారవాన్ ఒకటి రెండు రాత్రులు ఆగితే లైసెన్సు అక్కర్లేదు. అయితే ఆ భూమిలో అలాంటి వాడకం ఏడాదికి 28 రోజులు దాటకూడదు. క్లబ్బులకు ముఖ్యమైనవి ఆ తర్వాతి నిబంధనలు. వినోద, విహార కార్యకలాపాలను ప్రోత్సహించే సంస్థకు ప్రభుత్వం మినహాయింపు ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ఇంగ్లండ్‌లో ఈ పని ఇప్పుడు నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. అలాంటి సంస్థకు మూడు వెసులుబాట్లు లభిస్తాయి. తన ఆధీనంలో, తన పర్యవేక్షణలో విడిది నడుపుకోవచ్చు. ఒకేసారి ఐదు కారవాన్లకు మించకుండా సభ్యులను దింపుకునే చిన్న విడిదికి తానే ధ్రువపత్రం ఇవ్వవచ్చు. అది గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. తన సభ్యుల కోసం ఐదు రోజులకు మించని సమావేశాన్ని ఎవరి భూమిలోనైనా, వారి అనుమతితో జరుపుకోవచ్చు.

స్థానిక శాఖ నిలబడేది ప్రధానంగా ఈ మూడో వెసులుబాటు మీదే. కారవాన్ క్లబ్బువారు ర్యాలీ అని, క్యాంపింగ్ క్లబ్బువారు మీట్ అని పిలిచేది ఈ ఐదు రోజుల సమావేశాన్నే. చట్టం దానికి పెట్టిన షరతు పర్యవేక్షణ. లైసెన్సు ఉన్న విడిదిని అధికారులు తనిఖీ చేస్తారు. ర్యాలీలో ఆ బాధ్యత క్లబ్బు తరఫున శాఖ నియమించిన కార్యకర్తదే. అతడు అలసత్వం చూపితే ఆ మచ్చ శాఖతో ఆగదు, క్లబ్బు పొందిన ధ్రువపత్రం దాకా వెళ్తుంది. శాఖల్లో చాదస్తంగా కనిపించే నియమాలు చాలావాటికి మూలం ఇదే.

కార్యవర్గం

శాఖకు అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, మరికొందరు సభ్యులతో ఒక కార్యవర్గం ఉంటుంది. ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో వీరిని ఎన్నుకుంటారు. ఎవరికీ జీతం ఉండదు. కాగితం మీద పెద్ద పదవి అధ్యక్షుడిదే అయినా, శాఖ నడిచేదీ ఆగేదీ ఎక్కువగా విడిది స్థలాలు చూసే సభ్యుడి వల్లే. రాబోయే ఏడాది క్యాలెండర్ తయారుచేయాలంటే అతడు నెలల ముందే రైతులతో, పాఠశాలలతో, క్రీడా సంఘాలతో, గుర్రపు పందేల మైదానాలవారితో మాట్లాడి తేదీలు ఖాయం చేసుకోవాలి.

జాతీయ క్లబ్బుకూ శాఖకూ మధ్య పని విభజన స్పష్టంగా ఉంటుంది. సభ్యత్వ రుసుము వసూలు, పత్రిక, పెద్ద శాశ్వత విడుదులు, మూడో వ్యక్తికి నష్టం జరిగితే ఆదుకునే పబ్లిక్ లయబిలిటీ బీమా, చట్టపరమైన సలహా జాతీయ కార్యాలయం చూస్తుంది. ర్యాలీలు, స్థానిక ఖాతాలు, కొత్త సభ్యుల పరిచయం శాఖ వంతు. శాఖకు సొంత రాజ్యాంగం అంటూ వేరే ఉండదు. జాతీయ క్లబ్బు నియమావళికి లోబడే అది నడుస్తుంది. దాన్ని దాటి జరిపిన సమావేశానికి చట్టం ఇచ్చిన రక్షణ వర్తించదు.

ర్యాలీ నిర్వహణ

స్థలం చూడడానికి వెళ్లిన కార్యకర్త మొదట చూసేది గేటు. ఏడెనిమిది మీటర్ల వాహనం మలుపు తిరిగి లోపలికి రాగలదా, చెట్టుకొమ్మలు, కరెంటు తీగలు పైకప్పుకు తగులుతాయా అన్నవి ముందు తేలాలి. తర్వాత నేల వాలు, గట్టిదనం. మోటార్‌హోమ్ బరువు చాలా సందర్భాల్లో 3.5 టన్నుల దాకా ఉంటుంది. ముందు చక్రాలతో నడిచే వాహనం తడిగడ్డిలో దిగబడితే సొంతంగా బయటపడడం కష్టం. అందుకే వానాకాలపు ర్యాలీకి గట్టి నేలనో, ట్రాక్టరున్న రైతు పొలాన్నో చూసుకుంటారు. తాగునీటి కుళాయి, రసాయన మరుగుదొడ్డి తొట్టెను ఖాళీచేసే చోటు, వాడిన నీరు పారబోసే చోటు వేర్వేరుగా, దూరదూరంగా ఉండాలి.

ర్యాలీ బాధ్యుణ్ణి కారవాన్ క్లబ్బు శాఖల్లో మార్షల్ అని, క్యాంపింగ్ క్లబ్బు శాఖల్లో స్టీవార్డ్ అని అంటారు. చాలాసార్లు భార్యాభర్తలిద్దరూ కలిసి ఈ బాధ్యత తీసుకుంటారు. వారు అందరికంటే ముందు వచ్చి రోడ్డు మలుపుల్లో బాణం గుర్తులు పెడతారు, వరుసలు గీస్తారు, అగ్నిమాపక సామగ్రి అమరుస్తారు. ఒక వాహనానికీ మరో వాహనానికీ మధ్య ఆరు మీటర్ల దూరం ఉంచడం, వాటికి తగిలించిన గుడారాలతో సహా కనీసం మూడు మీటర్లు ఖాళీగా వదలడం సాధారణ నియమం. ప్రతి వాహనంలోనూ వంటగ్యాస్ సిలిండర్ ఉంటుంది కాబట్టి, ఒకచోట నిప్పు అంటుకుంటే పక్కదానికి పాకకుండా ఈ ఏర్పాటు. వచ్చిన ప్రతి వాహనం వివరం పుస్తకంలో రాసుకుంటారు. పొలంలో నడక వేగం మించకూడదు, రాత్రి జనరేటర్లు మోగకూడదు, కుక్కల్ని కట్టి ఉంచాలి.

మోటార్‌హోమ్ సభ్యులతో వచ్చే చిక్కు ఒకటుంది. కారు వెనక లాగే కారవాన్ ఉన్నవారు దాన్ని పొలంలో వదిలి కారులో బజారుకు వెళ్లగలరు. మోటార్‌హోమ్‌వారు పాలప్యాకెట్ కోసం వెళ్లినా ఇల్లంతా కదిలించాలి. ఈ కారణంగా వారి ర్యాలీలకు ఊరికి నడిచివెళ్లేంత దూరంలోనో, బస్సు దారి పక్కనో ఉన్న స్థలాలను ఎంచుకుంటారు.

రోజువారీ కార్యక్రమాలు సాదాసీదాగా ఉంటాయి: కలిసి నడక, సాయంత్రం ఆటలు, చిన్న లాటరీ, ఆదివారం ఉదయం కాఫీ. ఆ కాఫీ దగ్గరే తర్వాతి ర్యాలీ ప్రకటన, కొత్తవారి పరిచయం, స్థల యజమానికి కృతజ్ఞత జరిగిపోతాయి. అందరూ వెళ్లాక మార్షల్ పొలమంతా ఒకసారి నడుస్తాడు. చెత్త, మేకులు, చక్రాల గాళ్లు ఏవైనా మిగిలితే సరిచేస్తాడు. పశువులు మేసే పొలంలో మిగిలిన ఒక్క ఇనుపమేకు చాలు, మరుసటి ఏడాది రైతు కాదనడానికి.

డబ్బు వ్యవహారం

శాఖ లాభం కోసం నడిచేది కాదు. రాత్రికి వాహనానికి ఇంత అని వసూలు చేసే రుసుములో స్థల యజమాని అద్దె, నీళ్లు, హాలు ఖర్చు పోను కొద్దిపాటి మిగులు ఉండేలా లెక్కవేస్తారు. వాన వల్ల సగం మంది రాకపోయినా అద్దె కట్టాల్సిందే. ఆ నష్టాన్ని భరించేది ఈ మిగులే. ర్యాలీ ముగిశాక మార్షల్ హాజరు పట్టిక, రసీదులు, డబ్బు కోశాధికారికి అప్పగిస్తాడు. ఏడాది చివర లెక్కలను కార్యవర్గంలో లేని వ్యక్తి పరిశీలించాక సర్వసభ్య సమావేశం ముందు పెడతారు.

ఇతర దేశాల్లో

న్యూజిలాండ్ మోటార్ కారవాన్ అసోసియేషన్ 1956లో ఏర్పడింది. అక్కడి శాఖలకు ర్యాలీలతో పాటు స్థానిక ప్రభుత్వాలతో సంప్రదింపులు కూడా పెద్ద పనే. 2011లో రగ్బీ ప్రపంచ కప్ ముందు వచ్చిన ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం, స్థానిక మండలి ఉపనిబంధనతో నిషేధించని చోట ప్రభుత్వ స్థలాల్లో మకాం వేయడానికి అనుమతించింది. దాంతో ఏ ఊళ్లో ఏ ఉపనిబంధన వస్తోందో కనిపెట్టి అభ్యంతరాలు తెలపడం అవసరమైంది. క్వీన్స్‌టౌన్ లేక్స్ జిల్లా మండలి 2021లో చేసిన ఉపనిబంధనపై ఈ సంఘం హైకోర్టుకు వెళ్లగా, 2024లో అది చెల్లదని తీర్పు వచ్చింది. వాహనం మూడు రోజులు బయటి నీళ్లు, బయటి మరుగుదొడ్డి లేకుండా గడపగలదని తెలిపే స్వయంసమృద్ధి ధ్రువపత్రం కోసం శిక్షణ పొందిన సభ్యులే తనిఖీలు చేసేవారు. పాత ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు నాలుగు లీటర్ల మంచినీళ్లు వాహనంలో ఉండాలి. 2023లో వచ్చిన కొత్త చట్టం వాహనంలో బిగించిన మరుగుదొడ్డిని తప్పనిసరి చేసి, తనిఖీ వ్యవస్థను ప్లంబర్ల నియంత్రణ మండలి కిందికి తెచ్చింది.

ఆస్ట్రేలియాలో క్యాంపర్‌వాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్బు 1986లో మొదలైంది. దీని కేంద్రం న్యూకాజిల్, పత్రిక పేరు ‘ద వాండరర్’. ప్రాంతీయ చాప్టర్లతో పాటు ఒంటరి ప్రయాణికులకు, ఒకే అభిరుచి ఉన్నవారికి విడి బృందాలున్నాయి.

అమెరికాలో ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్ పుట్టుక కథ ప్రత్యేకం. 1963 జులై 20న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో తమ ఇంటి బస్సులతో చేరిన 26 కుటుంబాలు అక్కడే సంఘం పెట్టుకున్నాయి. సభ్యత్వ సంఖ్య ఉన్న కోడిగుడ్డు ఆకారపు పలకను వాహనానికి తగిలించుకోవడం వీరి ఆనవాయితీ. ఈ సంఘంలో చాప్టర్ ప్రాంతాన్ని బట్టే ఏర్పడాలని లేదు. ఒకే కంపెనీ వాహనాలున్నవారు, ఒకే వ్యాపకం ఉన్నవారు కూడా కలిసి చాప్టర్ పెట్టుకోవచ్చు. చాప్టర్ ప్రతినిధికి జాతీయ పాలకమండలిలో స్థానం ఉంటుంది.

సమస్యలు

శాఖలు ఎదుర్కొనే పెద్ద సమస్య పదవులకు మనుషులు దొరకకపోవడం. ర్యాలీలకు వచ్చేవారిలో పదవీ విరమణ చేసినవారు ఎక్కువ. ఉద్యోగాల్లో ఉన్నవారికి వారాంతాలే తీరిక. ఆ తీరికను మార్షల్ పనికి ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. వయసు మీద పడిన కార్యదర్శి తప్పుకుంటే ఆ స్థానంలోకి ఎవరూ రాక, చివరికి శాఖను పొరుగు శాఖలో కలపాల్సి రావచ్చు.

డ్రైవింగ్ లైసెన్సు నియమాలు కూడా దీనికి తోడయ్యాయి. బ్రిటన్‌లో 1997 జనవరి 1 తర్వాత కారు పరీక్ష పాసైనవారు సాధారణ లైసెన్సుతో 3.5 టన్నులు మించిన మోటార్‌హోమ్ నడపకూడదు. అంతకుముందు పాసైనవారికి 7.5 టన్నుల దాకా హక్కు ఉన్నా, 70 ఏళ్లు నిండాక దాన్ని నిలుపుకోవాలంటే వైద్య పరీక్ష నెగ్గాలి. ఫలితంగా పెద్ద వాహనాలున్న పాత సభ్యులు కొందరు వాటిని అమ్మి చిన్నవి కొనుక్కుంటారు, కొందరు ప్రయాణాలే మానుకుంటారు.

కొత్త సభ్యులను ఆకర్షించడానికి తొలిసారి వచ్చినవారికి తోడుగా ఒక పాత సభ్యుణ్ణి ఉంచడం, మార్షల్ పనిని నలుగురికి పంచడం వంటి పద్ధతులను శాఖలు పాటిస్తున్నాయి. ఎన్ని మార్పులు చేసినా చట్టం పెట్టిన హద్దులు మాత్రం అవే: సమావేశం సభ్యుల కోసమే జరగాలి, ఐదు రోజులు దాటకూడదు, క్లబ్బు పర్యవేక్షణలోనే సాగాలి.