సుజుకీ ఎఫ్8బి ఇంజను

ఎఫ్8బి జపాను దేశానికి చెందిన సుజుకీ సంస్థ రూపొందించిన మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను. దీని ఘనపరిమాణం 796 సి.సి. భారతదేశంలో ఇది ముఖ్యంగా మారుతీ 800 కారు ద్వారా ప్రసిద్ధి పొందినది. 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు తయారైన ఆ కారుకు, 1984 నుండి 2019 వరకు తయారైన మారుతీ ఓమ్ని వ్యానుకు ఇదే ఇంజను అమర్చబడినది. పాకిస్తానులో 1989 నుండి 2019 వరకు తయారైన సుజుకీ మెహ్రాన్ కారులో కూడా దీనినే వాడారు. సుజుకీ వారి ఎఫ్ తరగతి ఇంజన్లలో ఇది ఒకటి. పేరులోని 8 అంకె సుమారు 800 సి.సి. పరిమాణాన్ని తెలుపుతుంది. ఇదే తరగతికి చెందిన ఎఫ్8ఎ కూడా దాదాపు ఇదే పరిమాణం గలదే అయినా దానికి నాలుగు సిలిండర్లు ఉంటాయి. పేర్ల పోలిక వలన ఈ రెండింటినీ ఒకటిగా పొరబడడం కద్దు.

చరిత్ర

1982లో మారుతీ ఉద్యోగ్ సంస్థకు, సుజుకీకి ఒప్పందం కుదిరిన తరువాత 1983 డిసెంబరు 14న తొలి మారుతీ 800 కారు కొనుగోలుదారుకు అందజేయబడినది. అది సుజుకీ విదేశాలకు ఎగుమతి చేస్తున్న ఎస్ఎస్80 ఆల్టో నమూనాకు అనుసరణ. 1986లో కారు ఆకృతి పూర్తిగా మారినప్పటికీ ఇంజను మాత్రం అదే కొనసాగింది.

అప్పటికి దేశంలో కారు అంటే 1489 సి.సి. అంబాసిడర్, 1089 సి.సి. ప్రీమియర్ పద్మిని. వాటి పక్కన 796 సి.సి. ఇంజను ఆటబొమ్మలా కనిపించేది. అయితే మారుతీ 800 బరువు సుమారు 650 కిలోలు మాత్రమే కావడం వలన ఆ కొద్దిపాటి శక్తి దానికి సరిపోయింది.

కొరియాకు చెందిన దేవూ సంస్థ సుజుకీ అనుమతితో ఈ ఇంజనుకు దగ్గరి రూపమైన ఎఫ్8సిని తన టికో (1991), మాటిజ్ (1998) కార్లలో వాడింది. సిలిండరుకు నాలుగు వాల్వుల చొప్పున 12 వాల్వులు గల ఎఫ్8డి రూపం 2000లో మారుతీ ఆల్టోతో భారతదేశంలో ప్రాచుర్యం పొందినది. ఎఫ్8డి మరింతగా మార్పులు చెంది ఆల్టో 800లో 2023 వరకు కొనసాగింది.

నిర్మాణం

సిలిండరు వ్యాసం (బోర్) 68.5 మి.మీ., పిస్టను కదిలే దూరం (స్ట్రోక్) 72 మి.మీ. మూడు సిలిండర్లకు లెక్కిస్తే 796 సి.సి. వస్తుంది. బ్లాకు పోత ఇనుముతోను, హెడ్డు అల్యూమినియంతోను చేయబడినవి. ఒకే కామ్‌షాఫ్ట్ హెడ్డుపై ఉండి, పళ్ళ రబ్బరు బెల్టు (టైమింగ్ బెల్టు) సాయంతో తిరుగుతుంది. సిలిండరుకు రెండు వాల్వులు. వాటి సందును (టాపెట్ క్లియరెన్సు) రాకర్లపై ఉండే మరల ద్వారా సరిచేయవచ్చు. శీతలీకరణ నీటితో జరుగుతుంది. కార్బురేటరు గల రూపంలో సంపీడన నిష్పత్తి 8.7:1. శక్తి నిమిషానికి 5,500 భ్రమణాల వద్ద సుమారు 39 హార్స్‌పవర్, టార్కు 2,500 భ్రమణాల వద్ద 59 న్యూటన్ మీటర్లు. టార్కు ఇంత తక్కువ వేగంలోనే లభించడం వలన ఊళ్ళలో మాటిమాటికీ గేరు మార్చే అవసరం తగ్గింది.

మారుతీ 800లో ఈ ఇంజను అడ్డంగా అమర్చబడి ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నిలో ముందు సీట్ల కింద నిలువుగా ఉండి వెనుక చక్రాలను తిప్పుతుంది. ఓమ్ని డ్రైవరు సీటు వేడెక్కడానికి, ఇంజను చూడాలంటే సీటు లేపవలసి రావడానికి ఇదే కారణం.

మూడు సిలిండర్ల ఇంజనులో ప్రతి 240 డిగ్రీలకు ఒకసారి పేలుడు జరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఇది 180 డిగ్రీలకు ఒకసారి జరుగుతుంది. పైగా మూడు పిస్టన్ల కదలిక ఇంజనును ఒక చివర నుండి మరొక చివరకు ఊపుతుంది. ఈ ఊపును రద్దు చేసే బ్యాలన్స్ షాఫ్టు ఎఫ్8బిలో లేదు. ఆ పనంతా రబ్బరు మౌంటింగుల మీదనే పడుతుంది. అవి గట్టిపడినా, చిరిగినా, కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగు, గేరు రాడ్డు వణుకుతాయి. చాలామంది దీనిని ఇంజను చెడిపోవడంగా భావించి అనవసరంగా ఇంజను విప్పిస్తుంటారు.

కార్బురేటరు నుండి ఎంపీఎఫ్ఐ వరకు

1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త కార్లకు కేటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి అయినది. సీసం కలిసిన పెట్రోలు వాడితే కన్వర్టరు పనికిరాకుండా పోతుంది. 2000 నాటికి సీసం లేని పెట్రోలు దేశమంతటా వచ్చింది. అదే సంవత్సరం మారుతీ 800కు ఎంపీఎఫ్ఐ, అనగా ప్రతి సిలిండరుకు విడిగా పెట్రోలు చిమ్మే ఏర్పాటు వచ్చింది. రెండు వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజను శక్తి సుమారు 37 హార్స్‌పవర్. 2010 ఏప్రిల్ 1 నుండి హైదరాబాదుతో సహా 13 నగరాలలో భారత్ స్టేజి-4 నిబంధనలు అమలులోకి వచ్చాయి. వాటికి అనుగుణంగా మారుతీ 800ను మార్చకపోవడం వలన ఆ నగరాలలో దాని అమ్మకం నిలిచిపోయింది.

సాధారణంగా వచ్చే సమస్యలు

క్రాంక్‌షాఫ్ట్, పిస్టన్లు, బ్లాకు వంటి లోపలి భాగాలు ఈ ఇంజనులో గట్టివి. వాటంతటవే చెడడం అరుదు. చెడిన ఇంజన్లను పరిశీలిస్తే, చాలావరకు లోపం నీటి మార్గంలోనో, ఆయిల్ తగ్గడంలోనో మొదలై లోపలికి పాకినదై ఉంటుంది.

వేడెక్కడం: అన్నింటికంటే ఖరీదైన సమస్య ఇదే. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి ఇంజను మితిమీరి వేడెక్కితే ఇనుప బ్లాకుపై బిగించి ఉన్న అల్యూమినియం హెడ్డు వంగి, మధ్యనున్న హెడ్ గాస్కెట్ దెబ్బతింటుంది. అప్పుడు నీరు సిలిండరులోకి గాని, ఆయిల్‌లోకి గాని చేరుతుంది. పొగగొట్టం నుండి ఆగకుండా తెల్లని పొగ రావడం, రేడియేటరులో బుడగలు లేవడం, డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలు కలిసిన తేనీటి రంగులో కనబడడం దీని లక్షణాలు. హెడ్డును తీసి, ఉపరితలాన్ని లేతు షాపులో చదును చేయించకుండా కొత్త గాస్కెట్ మాత్రమే వేస్తే కొద్ది రోజులలోనే అది మళ్ళీ పోతుంది.

రేడియేటరు ఫ్యాను విద్యుత్తుతో తిరుగుతుంది. దానిని నడిపే ఉష్ణోగ్రత స్విచ్చు చెడితే, రహదారిపై పోయే కారు గాలి తగలడం వలన బాగానే ఉండి, ట్రాఫిక్‌లో ఆగగానే వేడెక్కుతుంది. ఇందుకు విరుద్ధంగా రహదారిపై వేగంగా పోయేటప్పుడే వేడెక్కుతుంటే రేడియేటరు పూడుకుపోయినదని అనుమానించవచ్చు. నీటిపంపును తిప్పే బెల్టు వదులైనా, తెగినా వేడి పెరుగుతుంది. ఆల్టర్నేటరును తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి అది తెగినప్పుడు బ్యాటరీ దీపం కూడా వెలుగుతుంది. అందువలన ఆ దీపాన్ని కేవలం బ్యాటరీ సంగతిగా తీసుకొని ప్రయాణం కొనసాగించరాదు.

ఉష్ణోగ్రత ముల్లును పూర్తిగా నమ్మరాదు. నీరంతా కారిపోయినప్పుడు సెన్సరుకు నీరు తగలక, ఇంజను మాడిపోతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు. ఆవిరి, వాసన, పికప్ హఠాత్తుగా పడిపోవడం వంటి గుర్తులు కనబడితే వెంటనే ఇంజను ఆపాలి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయడం ప్రమాదకరం. లోపల పీడనంలో ఉన్న మరిగే నీరు ముఖంపైకి చిమ్ముతుంది. కాలిన ఇంజనులో చన్నీళ్ళు పోసినా హెడ్డు పగిలే అవకాశం ఉంది.

కూలెంటుకు బదులు బోరునీరు పోసే అలవాటు తెలుగు రాష్ట్రాలలో విస్తారంగా ఉన్నది. కఠిన జలంలోని సున్నం సన్నని మార్గాలలో పొరగా పేరుకుంటుంది, అల్యూమినియం కూడా తినివేయబడుతుంది. ఎండ ఎక్కువని థర్మోస్టాట్‌ను తీసివేయడం మరొక అలవాటు. ఇది మరమ్మతు కాదు. థర్మోస్టాట్ లేని ఇంజను తగిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఆ సమయమంతా పెట్రోలు ఎక్కువ కాలుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

మిస్సింగ్: తొలి నమూనాలలో డిస్ట్రిబ్యూటరు లోపల పాయింట్లు, కండెన్సరు ఉండేవి. పాయింట్లు కాలిపోతే ఇంజను స్టార్టు కావడం కష్టమవుతుంది. మూడింటిలో ఒక సిలిండరు పనిచేయకపోతే మూడవ వంతు శక్తి పోయినట్లే. కనుక ఈ ఇంజనులో మిస్సింగ్ వెంటనే తెలిసిపోతుంది. ముందుగా ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటరు మూత చూడాలి. వానాకాలంలో మూతలోకి తేమ చేరి ఇంజను మొండికేయడం సాధారణం, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఎంపీఎఫ్ఐ రూపంలో మిస్సింగ్‌ను నిర్లక్ష్యం చేస్తే కాలని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండి దానిని పాడు చేస్తుంది. ప్లగ్గు ధరతో పోలిస్తే కన్వర్టరు ధర ఎన్నో రెట్లు.

పెట్రోలు మార్గం: కార్బురేటరు జెట్లలో మురికి చేరడం, చోక్ పూర్తిగా తెరుచుకోక నల్లని పొగ రావడం, కామ్‌షాఫ్ట్‌తో నడిచే పెట్రోలు పంపులోని రబ్బరు పొర చిరగడం తరచుగా కనిపించేవి. పొర చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్‌లో కలిసి దానిని పలుచన చేస్తుంది. ఆయిల్ మట్టం దానంతటది పెరుగుతూ, పెట్రోలు వాసన వేస్తే కారణం ఇదే.

ఆయిల్: ఈ ఇంజనులో పట్టే ఆయిల్ సుమారు మూడు లీటర్లే. కాబట్టి అర లీటరు తగ్గినా ప్రభావం ఎక్కువ. టాపెట్ కవరు గాస్కెట్, డిస్ట్రిబ్యూటరు కుదురు, క్రాంక్‌షాఫ్ట్ సీళ్ళ వద్ద కారడం మామూలు. కారిన ఆయిల్ టైమింగ్ బెల్టుపై పడితే రబ్బరు మెత్తబడి పళ్ళు ఊడతాయి. బెల్టు తెగిన మరుక్షణం ఇంజను ఆగిపోతుంది. తరువాత కొత్త బెల్టు వేసి ఊరుకోకుండా కంప్రెషన్ పరీక్ష చేయించి వాల్వులు బాగున్నవో లేదో చూడడం మంచిది. ఉదయం స్టార్టు చేయగానే నీలిపొగ వచ్చి కాసేపటికి ఆగితే వాల్వు సీళ్ళు గట్టిపడినట్లు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఎడతెగక వస్తే పిస్టన్ రింగులు అరిగినట్లు. సీళ్ళ పని చిన్నది, రింగుల పనికి ఇంజను దించవలసి వస్తుంది.

గ్యాసు, ఎథనాల్ వాడకం

ఓమ్ని, మారుతీ 800 వాహనాలకు ఎల్పీజీ కిట్లు విరివిగా బిగించారు. 2008లో సంస్థ తానే ఎల్పీజీతో నడిచే మారుతీ 800 డ్యుయోను విడుదల చేసింది. గ్యాసుతో నడిచినప్పుడు ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోటు త్వరగా అరిగి, టాపెట్ సందు క్రమంగా మూసుకుపోతుంది. పెట్రోలు బండిలో అరిగిన టాపెట్లు శబ్దం చేసి హెచ్చరిస్తాయి. ఇక్కడ శబ్దం తగ్గి ఇంజను నెమ్మదించినట్లు అనిపిస్తుంది గాని, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. అందువలన గ్యాసు బండికి టాపెట్లు మరింత తరచుగా చూపించాలి. వంటగ్యాసు సిలిండరును వాహనంలో పెట్టి నడపడం చట్టవిరుద్ధమే కాక ప్రాణాంతకం కూడా. పిల్లలను బడికి చేర్చే వ్యాన్ల విషయంలో ఇది మరీ తీవ్రమైనది.

2025 నాటికి భారతదేశంలో పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపడం సాధారణమైనది. కార్బురేటరు గల ఎఫ్8బి ఇంజన్లు ఇటువంటి ఇంధనం కొరకు తయారైనవి కావు. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు గొట్టాలను, పంపు పొరను ఉబ్బింపజేస్తుంది. లీటరు ఎథనాల్‌లోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న కార్లలోనే ఈ నష్టం ఎక్కువ. అటువంటి కారును తిరిగి నడిపే ముందు పాత పెట్రోలు తీసివేసి, గొట్టాలు మార్చి, కార్బురేటరు గిన్నెను శుభ్రం చేయించవలెను.

మరమ్మతు

సిలిండర్లు అరిగిన ఎఫ్8బిని రీబోరు చేయించి 0.25 లేదా 0.50 మి.మీ. పెద్ద పిస్టన్లు వేయవచ్చు. అంతకు మించి అరిగితే స్లీవు దింపుతారు. హెడ్డును పలుమార్లు చదును చేయించినచో దాని మందం తగ్గి సంపీడనం పెరుగుతుంది, ఇంజను కొట్టుకునే శబ్దం రావచ్చు. అటువంటి హెడ్డును మార్చివేయడమే మేలు.